ఒడెట్ బల్ల మీద మాత్రమే ఆగే కంప్యూటరు

ఒడెట్ డుషార్మ్ కంప్యూటరు రెండోసారి ఆగిపోయిన గురువారం నాడు కెనడాలోని విన్నిపెగ్‌లో చలి సున్నాకు ముప్ఫై ఒక్క డిగ్రీల దిగువన ఉంది. ఆ ఉదయం పెర్లిటా మగ్సోంబోల్ మూడో అంతస్తులోని తన వంటింట్లో స్టూలెక్కి బల్బు మారుస్తోంది. నవంబరు నుంచి లెక్కేస్తే, జనవరి సగం కాకుండానే అది నాలుగో బల్బు. మాడి నల్లబడినదాన్ని చెత్తబుట్టలో పడేసి, చవక సరుకు అమ్మిన దుకాణంవాడిని నాలుగు మాటలు తిట్టి, స్టూలు దిగేసరికి తలుపు చప్పుడైంది. కింది అంతస్తు నుంచి మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కివచ్చిన ఒడెట్, మెడకు హెడ్‌ఫోను వేలాడుతుండగా, గుమ్మంలో నిలబడి ఆయాసపడుతోంది.

"ఆంటీ, మళ్ళీ చచ్చింది."

"ఎలా చచ్చింది? తెర నీలంగా మారి రాతలేవైనా వచ్చాయా?"

"రాతల్లేవు, గీతల్లేవు. ఠక్కున ఆరిపోయింది. అవతల ముసలాయన, మోకాలి కట్టు మార్చే నర్సు ఇంకా రాలేదమ్మా అంటున్నాడు. సగంలో తెగింది. తర్వాత దానంతటదే లేచిందిలే. అది లేచేలోపు సూపర్‌వైజరు మెసేజీ లేచి కూర్చుంది. 'రెండు' అని పెట్టింది. అంతే. ఒక్క అంకె."

మంచాన పడిన వృద్ధులు నర్సు కోసమో మందుల కోసమో చేసే ఫోన్లను ఇంటి నుంచే అందుకుని ఏర్పాట్లు చేసే ఉద్యోగంలో ఒడెట్ చేరి రెండు వారాలైంది. తొంభై రోజుల పరీక్షాకాలం. ఆ కాలంలో మూడుసార్లు లైను తెగితే ఒప్పందం రద్దవుతుంది, తెగడానికి కారణం ఏదైనా సరే. ఈ చివరి మాటలు ఒప్పందంలో ఉన్నవే. రాసినవారికి వాటి విలువ బాగా తెలుసు. కారణాన్ని ముందే చంపేస్తే విచారణతో పని ఉండదు. విచారణ లేకపోతే ఎదుటి మనిషికి నోరు ఉండదు. పద్నాలుగు నెలలు పని లేక ఇంట్లో కూర్చున్న ఒడెట్ ఆ పేజీని చదవకుండా సంతకం చేయలేదు. చదివే చేసింది.

ఆ కంప్యూటరును ఒక్కొక్క మరా బిగించి తయారుచేసింది పెర్లిటా. అందుచేత లైను మూడోసారి అంటూ తెగితే అది తన చేతి నేరమేనని ఆమె అప్పటికే తనకు తాను తీర్పు చెప్పుకుంది.

పెర్లిటాకు అరవై ఒక్కేళ్ళు. ఇరవై రెండో ఏట ఫిలిప్పీన్స్‌లోని బటంగాస్ నుంచి ఈ ఊళ్ళో చలికోట్లు కుట్టే ఫ్యాక్టరీకి వచ్చింది. దారం తెగితే మెకానిక్ వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవాలి. కూర్చున్న సేపటికి కూలి లేదు. ఆ మెకానిక్ తీరిగ్గా కాఫీ ముగించుకుని వచ్చి, సూదీ దారమూ బిగువూ మూడూ ఒకేసారి మార్చి, తప్పు దేనిదో తెలుసుకోకుండానే వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ తెగేది. పెర్లిటా ఆర్నెల్లలో ఆ విద్యను తానే పట్టింది, కానీ తన పద్ధతిలో పట్టింది: ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదాన్ని గంటతో సహా రాయాలి, ఫలితం తేలేదాకా రెండోదాని జోలికి పోకూడదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అదే పద్ధతిని కంప్యూటర్లకు పెట్టింది. ఆమె వెళ్ళే చర్చికి వచ్చే కుటుంబాల్లో ఆమె బిగించిన పెట్టె లేని ఇల్లు అరుదు. బాగులేదని తిరిగి వచ్చిన పెట్టె, ఒడెట్‌ది తప్ప, ఒక్కటీ లేదు.

ఒడెట్‌కు ఆమె చెప్పని సంగతి ఒకటుంది. ఎప్పుడూ వంటింటి బల్ల దగ్గర, నున్నటి నేల మీద, వట్టి కాళ్ళతో నిలబడి బిగించేది. ఈ పెట్టె బిగించిన రోజున ఆ బల్లంతా ఎవరి బిడ్డ నామకరణానికో చేస్తున్న రొట్టెల పిండితో నిండి ఉంది. దాంతో ముందుగదిలో తివాచీ మీద, ఉన్ని మేజోళ్ళతో కూర్చుంది. శీతకాలంలో ఈ ఊరి గాలికి తడి ఉండదు. తలుపు పిడి ముట్టుకున్నా వేలికొస చిటుక్కుమంటుంది. మెమరీ పలకను అందుకోబోతుంటే ఆమె వేలి నుంచి నీలి రవ్వ ఒకటి దాని అంచు మీదికి దూకింది. పలకను లోలోపల దెబ్బతీయడానికి అలాంటి రవ్వ ఒక్కటి చాలు. ఆ రవ్వను ఆమె కళ్ళారా చూసింది. పలక పనిచేసింది కాబట్టి ఊరుకుంది. ఇప్పుడు ఆ రవ్వ ఆమె కంటి ముందు నుంచి కదలడం లేదు.

సోమవారం పదింటికల్లా పరికరం సరిచేసుకుని రమ్మని ఒడెట్‌కు జీతం లేని సెలవు ఇచ్చారు. ఇద్దరూ పెట్టెను మూడో అంతస్తుకు మోసుకొచ్చారు. పెర్లిటా ముందుగా మెమరీ పలకలను మార్చింది. మార్చకముందు ఎలా నడిచిందో, మార్చాక కూడా అలాగే నడిచింది: ఎంత బరువు పని పెట్టినా ఆగలేదు. పాత పలకలు పెట్టి పరీక్షించింది. ఒక్క తప్పూ దొరకలేదు. పవర్ సప్లై మార్చింది. ప్రాసెసరు విప్పి, తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టింది. వేడి కొలిచింది. తన బల్ల మీద ఆ పెట్టె కొండలా నిలబడింది. ఒడెట్ బల్ల మీదే చచ్చిపోతుంది.

నెట్‌లో ఈ విద్య తెలిసినవాళ్ళు ఒకచోట చేరి ఒకరి పెట్టెల రోగాలను ఒకరు విచారిస్తుంటారు. పెర్లిటా తన నోటుపుస్తకంలోని వివరమంతా అక్కడ పెట్టింది. ముప్ఫైమంది దాకా పలికారు. పవర్ సప్లై అన్నారు, మెమరీ వేగం అన్నారు, మదర్‌బోర్డు కింద మర ఎక్కువైందేమో చూడమన్నారు. ఒకడు, "ఈ వయసులో ఎందుకమ్మా, దుకాణంలో కొనుక్కోరాదా?" అని వెక్కిరించాడు. అంతమందిలో పెట్టె దాటి బయటికి వచ్చినవాడు లేడు. సొంత చేతులతో బిగించుకునేవాళ్ళ జబ్బే అది: చేసింది తామే కనుక చెడగొట్టింది కూడా తామే అయి ఉండాలన్న అహంకారం.

ఆదివారం మధ్యాహ్నం పెట్టెను మళ్ళీ కిందికి దించారు. మెట్ల మలుపులో నవంబరు నుంచి ఒక కాగితం అంటించి ఉంది: ఇతరులకు ఇబ్బంది కలిగించే ఘాటైన వాసనల వంటలు నిషేధం, ఉల్లంఘన అద్దె ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. ఎవరి పేరూ లేదు. ఆ భవనంలో ఎండుచేపలు వేయించేది పెర్లిటా ఒక్కతే గనుక పేరు అవసరం పడలేదు. మూడుసార్లు ఫిర్యాదు వచ్చిందని మేనేజరు ఎల్డన్ లోవెన్ ఆమెను పిలిచి మరీ చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో చేప పొయ్యి ఎక్కలేదు. మెట్ల మీద వాసన మాత్రం తగ్గలేదు.

"ఇంకా కంపు కొడుతోంది చూడండి," అంది ఒడెట్, పెట్టె రెండో కొస మోస్తూ. "మీ చేపలు పోయి దెయ్యాలయ్యాయి ఆంటీ."

"నడువు నడువు. జారిందంటే నీ ఉద్యోగమూ దెయ్యమవుతుంది."

ఆ పూట చలి తగ్గి సున్నాకు పన్నెండు డిగ్రీల దిగువకు వచ్చింది. కంప్యూటరు సాయంత్రం దాకా ఆగలేదు. ఒడెట్ రొట్టె కాల్చి, వెన్న రాసి పెట్టింది. పెర్లిటా తిన్నదేగాని ఆమెకు రుచి తెలియలేదు. ఏది మార్చినందువల్ల బాగైందో చెప్పలేని బాగును ఆమె ఎన్నడూ నమ్మలేదు.

సోమవారం మళ్ళీ ముప్ఫై మూడు డిగ్రీల చలి. ఎనిమిదింటికే పెర్లిటా నోటుపుస్తకం పట్టుకుని వచ్చి ఒడెట్ పక్కన కూర్చుంది. కిటికీ అవతల కార్లు నిలిపే స్థలంలో రాత్రి డ్యూటీల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఇంజన్లు గడ్డకట్టకుండా కార్లకు కరెంటు ప్లగ్గులు తగిలించి లోపలికి పరుగెడుతున్నారు. ఎనిమిది నలభై రెండుకు నాలుగో కారుకు ప్లగ్గు పడింది. కంప్యూటరు ఠక్కున ఆరిపోయింది.

అదే క్షణాన వెనక వంటింట్లో దీపం భగ్గుమన్నట్టు వెలిగింది. గోడ మీద ఇద్దరి నీడలూ నల్లగా పడ్డాయి.

పెర్లిటా తల తిప్పి చూసింది. "అదేమిటి?"

"అదా? ఎప్పుడూ అంతే. ఇది చచ్చినప్పుడల్లా అది పండగ చేసుకుంటుంది."

"ఎప్పుడూ అంతేనా! మరి ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"మీరు పెట్టె గురించే అడిగారు ఆంటీ," అంది ఒడెట్, ఏం తప్పు చేశానో తెలియక. "దీపం గురించి అడగలేదు."

పెర్లిటా సంచిలోంచి మీటరు తీసింది. పెట్టెలోని తీగలను కొలవడానికి నాలుగు రోజులుగా వాడుతున్న ఆ మీటరును మొదటిసారి గోడలోని సాకెట్‌కు పెట్టింది. నూట ఇరవై ఉండవలసిన చోట ఎనభై ఎనిమిది. వంటింట్లోకి వెళ్ళి అక్కడ పెట్టింది. నూట యాభై ఒకటి. రెండు అంకెలనూ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసి కూడింది. రెండు వందల ముప్ఫై తొమ్మిది: మొత్తం సరిగ్గానే ఉంది, పంపకమే చెడింది.

భవనానికి కరెంటు మోసుకొచ్చేవి రెండు తీగలు. రెండింటికీ సమానంగా పంచి అదుపులో ఉంచేది మధ్య తీగ. ఆ మధ్య తీగ పట్టు వదిలితే పంపకం పోతుంది. ఒక వైపు భారం పెరిగినప్పుడల్లా అటు వోల్టేజి కుంగి, రెండో వైపు పొంగుతుంది. కుంగిన వైపు ఒడెట్ కంప్యూటరు ఉంది, కార్ల ప్లగ్గులు ఉన్నాయి. పొంగిన వైపు పెర్లిటా వంటిల్లు ఉంది, నాలుగు మాడిన బల్బులు ఉన్నాయి. పట్టు వదిలిన చోట తీగ ఊరికే ఉండదు. కాలుతుంది.

"నా చేతి తప్పు కాదు," అంది పెర్లిటా. ఆ మాటతో కలగవలసిన ఉపశమనం కలగలేదు.

నేలమాళిగలో మీటర్ల గదికి ఇనుప తలుపు, దానికి తాళం. తలుపు సందులోంచి చేపలు మాడిన వాసన గుప్పుమంది. కరెంటు బిగింపుల చుట్టూ ఉండే గట్టి ప్లాస్టిక్కు నిదానంగా మాడితే అదే వాసన వస్తుందని, కుట్టుమిషను మోటారు ఒకటి తగలబడిన రోజు నుంచీ ఆమెకు తెలుసు. తెలిసి కూడా రెండు నెలలకు పైగా, ఆ కాగితం చదివి, సిగ్గుపడి తన పొయ్యినే అనుమానించింది. వాసన ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరూ వెతకలేదు. ఎవరి నుంచి వస్తోందని మాత్రమే వెతికారు.

అక్కడే నిలబడి లోవెన్‌కు ఫోను చేసింది.

"మగ్సోంబోల్ గారా! మళ్ళీ చేపల సంగతేనా?"

"మీటర్ల గది తెరవాలి లోవెన్ గారూ. ఇప్పుడే. లోపల మధ్య తీగ కాలుతోంది."

"మీకెలా తెలుసు? ఎలక్ట్రీషియనా మీరు?"

"ఒడెట్ కంప్యూటరు ఆగిపోతుంటే కొలిచాను."

"ఓహో, మీరు ఇంట్లో అతికించిన ఆ పెట్టా! దానికి భద్రతా ముద్ర ఏదైనా ఉందా అసలు? అది పెట్టాక కదా ఈ గొడవంతా మొదలైంది?"

"బల్బులు నవంబరు నుంచి పోతున్నాయి. పెట్టె వచ్చింది జనవరిలో."

"చూడండి, గురువారం అటు వస్తాను. ఎలక్ట్రీషియన్ని పిలవాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఈలోగా ఆ పెట్టె ప్లగ్గు పీకేయండి. నేను కూడా ఒక లెటరు రాసి పెడతాను."

"రాయండి. తొమ్మిదీ పదికి చెప్పానని కూడా రాయండి."

కంపెనీ అంటే రిజిస్ట్రేషను కాగితాల్లోని ఏడు అంకెల సంఖ్య. పద్నాలుగు ఇళ్ళకు యజమాని అయిన ఆ సంస్థకు పేరు లేదు, చట్టప్రకారం అక్కర్లేదు. అద్దె వసూలు చేయడానికి దానికి చేతులున్నాయి. పిలిస్తే పలకడానికి మనిషి లేడు.

వెంట దిగివచ్చిన ఒడెట్ అంతా విన్నది. గడియారం చూసింది.

"మీరు కరెంటు ఆఫీసుకు ఫోను చేస్తే ఏమవుతుంది?"

"గంటలో వస్తారు. మొత్తం భవనానికి తీసేస్తారు."

"నా లైను?"

పెర్లిటా ఇనుప తలుపు వైపు తిరిగింది.

"రెండింటికి నా షిఫ్టు అయిపోతుంది, అందాకా ఆగండి ఆంటీ. నాలుగ్గంటలు. బతిమాలుకుంటున్నాను. నవంబరు నుంచి కాలనిది నాలుగ్గంటల్లో కాలుతుందా?"

ఇదంతా ఎలా దాటవేయవచ్చో పెర్లిటాకు వెంటనే తోచింది. ఆ పెట్టె ఎక్కువ వోల్టేజికి ఓర్చుకుంటుంది, తక్కువకు ఓర్వలేదు. తన బల్ల మీద నాలుగు రోజులు నిలబడింది అందుకే. వంటింటి సాకెట్ నుంచి పొడుగు తీగ లాగి, కంప్యూటరునూ ఇంటర్నెట్ డబ్బానూ దానికి తగిలించింది. పదింటికి ఒడెట్ హెడ్‌ఫోను పెట్టుకుంది. అయిదో కారుకు ప్లగ్గు పడింది. వంటింటి దీపం భగ్గుమంది. తెర రెప్ప కొట్టలేదు. వచ్చిన పని అయిపోయింది. ఏ మరమ్మతు మనిషైనా సంచి సర్దుకుని వెళ్ళే ఘడియ అది.

పెర్లిటా నేలమాళిగకు దిగింది. కుర్చీ ఈడ్చుకుని ఇనుప తలుపు ఎదుట కూర్చుంది. తనతో తాను చేసుకున్న ఒప్పందం ప్రకారం రెండింటి దాకా అక్కడే కాపలా కాయాలి. ఆ నడవ ఎంత చల్లగా ఉంటుందంటే ఆమె ఊపిరి పొగలా కనిపిస్తోంది. లోపల ఏదో తేనెటీగల తుట్టెలా సన్నగా రొద చేస్తోంది. మధ్యమధ్య ఆగుతోంది, ఆగినప్పుడే ఎక్కువ భయం వేస్తోంది. పదీ ఇరవై అయిదుకు లేచి, చేతితొడుగు తీసి, అరచేయి తలుపు మీద ఆనించింది.

ఇనుము గోరువెచ్చగా ఉంది.

ఆ చేయి తీయకుండానే రెండో చేత్తో కరెంటు ఆఫీసుకు ఫోను చేసింది. తర్వాత పైకి వెళ్ళి, నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి ఒడెట్ ముఖం ముందు పట్టింది: "పిలిచాను. పదకొండుకు వస్తారు. కోటు వేసుకో." ఒడెట్ చదివింది. అవతలి మనిషితో, "ఆ మాత్రలు ఇవాళే పంపిస్తామండీ, కంగారు పడకండి," అని తీయగా చెబుతూనే, తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళు నిండాయి గాని గొంతు పిసరంత కూడా మారలేదు.

పెర్లిటా తక్కిన తలుపులన్నీ తట్టింది. కరెంటు సంగతి చెప్పి, పిల్లలకు కోట్లు వేయమంది. ప్రతి గుమ్మంలోనూ ఒక జవాబు ఎదురైంది. "మా ఫ్రిజ్ మోటారు రెండుసార్లు పోయింది." "మా టీవీ మాడితే మావాడు ఏదో పాడుచేశాడనుకుని వాణ్ణి తన్నాను." "బల్బులా? నాకు అచ్చిరావనుకున్నాను." పద్నాలుగు ఇళ్ళలో పద్నాలుగు తప్పులు ఉన్నాయి; ఎవరి తప్పు వారు తలుపు వేసుకుని మోస్తున్నారు. వాటిని ఒకచోట చేర్చి చూడవలసిన బాధ్యత ఎవరిదో చట్టంలో రాసి ఉంది. ఆ బాధ్యుడికి పేరు లేదు, సంఖ్య ఉంది.

పదకొండింటికి వచ్చిన కరెంటు మనిషి ఇనుప తలుపు తాళం కోశాడు. టార్చి వేశాడు. మధ్య తీగ బిగింపు ఉండవలసిన చోట కరిగి గడ్డకట్టిన నల్లముద్ద ఉంది. దాని వెనక చెక్క పలక బొగ్గయిపోయి, ఆ బొగ్గు అంచు ఎర్రగా, నిదానంగా, ఊపిరి తీసినట్టు వెలుగుతోంది. అతడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పై ఇళ్ళలో ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఒక్కతే ఉంది," అంది పెర్లిటా. "ఫోన్లో ఉంది."

"చెప్పి రానా?"

"చెప్పాను. తీసెయ్యండి."

పదకొండూ ఇరవైకి భవనమంతా నిశ్శబ్దమైపోయింది. నీళ్ళు వేడిచేసే యంత్రం కూడా ఆగిన ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో ఒక తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినబడింది.

చలిలో నిలబడ్డవాళ్ళ కోసం నగరంవారు ఒక సిటీబస్సు పంపారు. ఇంజను నడుస్తుండగా అందరూ దుప్పట్లు కప్పుకుని అందులో కూర్చున్నారు. మధ్యాహ్నానికి లోవెన్ వచ్చి వీధి తలుపుకు ఒక కాగితం అంటించాడు: ఒక అద్దెదారు అనుమతి లేని పరికరం వాడినందున విద్యుత్తు నిలిపివేయబడినది, మరమ్మతులు పూర్తయ్యేవరకు ప్రవేశం లేదు. తేదీ వేయవలసిన చోట గీత ఉంది, తేదీ లేదు. కాగితం ఏమంటోందో బస్సులో ఒక సీటు నుంచి ఇంకో సీటుకు పాకింది. కొన్ని ముఖాలు పెర్లిటా వైపు తిరిగాయి. అన్నీ కృతజ్ఞతతో తిరగలేదు.

ఒడెట్ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఫోను చూపించింది. తెర మీద ఒకే మాట: "మూడు."

"నన్ను తిట్టు," అంది పెర్లిటా.

"తర్వాత తిడతాను. తీరిగ్గా తిడతాను. ఇప్పుడొక సంగతి వినండి." ఒడెట్ దగ్గరికి జరిగింది. "ఆఖరి ఫోను సెల్కిర్క్ ఊరి నుంచి, ఒక పెద్దావిడ. ఆక్సిజన్ సీసా శనివారం రావాలట, రాలేదట. ఉన్నది అడుగంటిందట. వీధి పేరు చెప్పింది. ఇంటి నంబరు అడిగాను. చెప్పబోతోంది... అంతే."

"మీ ఆఫీసు కంప్యూటర్లో ఆవిడ వివరం ఉంటుందిగా?"

"నన్ను తీసేశారుగా. నా పాస్‌వర్డు పనిచేయడం లేదు. సూపర్‌వైజరు ఎత్తడం లేదు. మామూలు జనం చేసే నంబరుకు చేశాను." స్పీకరు నొక్కి పెర్లిటాకు వినిపించింది. మీ ముందు ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు, దయచేసి వేచి ఉండండి, అంటోంది ఒక రికార్డు గొంతు.

పెర్లిటా తన ఫోను తీసి అంబులెన్సుకు చేసింది. వెంటనే ఎత్తారు. సెల్కిర్క్ అని, ఒంటరి ముసలామె అని, ఆక్సిజన్ అయిపోతోందని, వీధి పేరుతో సహా తొణక్కుండా వరసగా చెప్పింది.

"ఇంటి నంబరు చెప్పండి," అంది అవతలి గొంతు.